కాస్త వంకరగా

స్టాంపు నిటారుగా అంటించకు, అంటాడు మర్డో.
నిటారుగా అంటించేది యంత్రం.
కాస్త వంకరగా, తడి వేలితో,
బస్సు తప్పిపోతుందని కంగారుపడే మనిషి
అంటించినట్టుండాలి.

ఆర్బ్రోత్ రేవు వెనక
చేపల పొగ గోడలకు పట్టేసిన అచ్చాఫీసు.
మేడ మీద నా బల్ల.
నా ఉద్యోగానికి పేరంటూ లేదు.
నెలకు రెండువేల కవర్ల మీద
ముక్కూమొహం ఎరగనివాళ్ళ పేర్లు
నీలిసిరాతో రాస్తాను,
బళ్ళో ఒకప్పుడు బహుమతి తెచ్చిన దస్తూరీతో.

మూడు సెకన్లు, అంటాడు మర్డో.
తలుపు కంతలోంచి జారిన కాగితానికి
చెత్తబుట్ట చేరేలోగా ఉండే ఆయుష్షు అంతే.
బిల్లయితే భయంతో విప్పుతారు.
చేతిరాతయితే ఆశతో విప్పుతారు.
మనం భయపెట్టేవాళ్ళం కాదు కాబట్టి...
అని ఆగిపోతాడు.
తక్కిన వాక్యం నా పెన్ను పూర్తిచెయ్యాలి.

ఫిబ్రవరిలో నెటీ వచ్చింది,
పాతకోట్లు బాగుచేసే కొట్టు కొత్తగా తెరిచి.
ఎనిమిది వందల కవర్లు,
కవరుకో బొత్తాం.
లోపలేదో ఉందని వేళ్ళకి తెలియాలి,
కళ్ళకి తెలియకూడదు.
ఇత్తడివి, కొమ్ముతో చేసినవి,
ఏ పసిపిల్ల స్వెట్టరుదో
బాతుబొమ్మది ఒకటి.
గులకరాళ్ళు మోయిస్తున్నారా నాచేత, అని
గొణిగాడు పోస్టుమాన్ లాక్లన్.

డెబ్బై ఒక్కమంది వచ్చారు.
మర్డో గోడ మీద పెన్సిలుతో లెక్క రాసి
కింద రెండు గీతలు కొట్టి
నాకో తీపిరొట్టె కొనిపెట్టాడు.

డెబ్బై రెండో జవాబు మనిషి కాదు, ఉత్తరం.
"చిరునామా రాసినవారికి" అని ఉంది పైన.

"కవరు మీద నా పేరు చూసి రోనా అనుకున్నాను.
మా చెల్లెలు.
ఎఫీ అని రాసి, చివరి అక్షరానికి
తోక అచ్చం ఇలాగే తిప్పేది.
పందొమ్మిదేళ్ళుగా మాటల్లేవు,
ఎందుకో మీకనవసరం.
తలుపు నుంచి వంటగదికి పదకొండు అడుగులు.
ఆ పదకొండు అడుగులూ అది రోనాయే.
కుర్చీ లాక్కున్నాను, కళ్ళజోడు తుడుచుకున్నాను.
అప్పుడు బొత్తాం పడింది.
నా కోటుకేం లోటు లేదు, రాను.
బొత్తాం బాగుంది, ఉంచుకుంటున్నాను."

మర్డోకి చూపించాను.
చూశావా, పనిచేసింది, అన్నాడు.
అన్నాక చెవులు ఎర్రబడ్డాయి.
ఆగి ఉన్న యంత్రాన్ని ఆపడానికి
కిందికి వెళ్ళాడు.

వారం రోజులు తోక తిప్పలేకపోయాను.
క్షమించమని రాద్దామని కూర్చుంటే
రాసే చెయ్యి అదే.
అదే సిరా, అదే కంతలోంచి మళ్ళీ,
మళ్ళీ పదకొండు అడుగులు.
మూడు కాగితాలు చింపాను.

చివరికి టైపు చేశాను.
పేరు కనిపించేలా ముందు కిటికీ ఉన్న కవరు,
గ్యాసు కంపెనీ వాళ్ళది లాంటిది.
స్టాంపు స్కేలు పెట్టి నిటారుగా అంటించాను.
ఎవరు పంపారో పైనే కొట్టాను.
విప్పకపోయినా ఏమీ అనుకోను, అని
లోపల రాశాను మొదట.
లోపల రాస్తే ఎవరికి తెలుస్తుందని
తీసి బయట పెట్టాను.

మర్డో చూస్తే ఏమంటాడో తెలుసు.
ఇంతకన్నా మంచి ఎర నేనే కనిపెట్టలేదే, అంటాడు.
అందుకే చూపించలేదు.

పొద్దున్నే లాక్లన్ చేతికే ఇచ్చాను.
అలవాటుగా రెండువేళ్ళతో తడిమాడు.
ఇందులో ఏమీ లేదే, అన్నాడు.
కాగితమే, అన్నాను.